రిజిస్టరైన గుంపు

కొర్సా సుక్కి అనాథ అన్న సంగతి తునికిగుంపులో ఎవరికీ తెలియదు. తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు, నాయనమ్మకు అసలే తెలియదు. జిల్లా బాలల క్షేమ మండలి వారు కనిపెట్టి చెప్పేదాకా సుక్కి కూడా గమనించుకోలేదు.

కనిపెట్టింది బాలల రక్షణ వారోత్సవాల్లో. ఆ వారంలో ప్రతి అధికారీ ఎవరో ఒకరిని రక్షించి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సంరక్షణ అధికారి పరాంకుశం గారు సహజంగా మంచి మనిషి. శనివారం దాటిపోతోంది, ఒక్క బిడ్డా దొరకలేదే అని మథనపడుతూ జీపులో వెళ్తుంటే, కొండ కింద సంతలో చింతపండు మూట మీద కూర్చుని ఒక ఆడపిల్ల కనిపించింది. నాయనమ్మ ఉంగమ్మ పక్క కొట్టులో ధర బేరమాడుతోంది. మూటకు కాపలా సుక్కి.

పరాంకుశం గారు ప్యాంటు మడతలు నలగకుండా జాగ్రత్తగా గొంతుక్కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చారు.

"రాత్రి అన్నం ఎక్కడ తిన్నావమ్మా?"

"కన్నయ్య తాతోళ్ళింట్ల."

"పడుకున్నది?"

"లచ్చిమి పిన్నోళ్ళింట్ల."

"మరి పొద్దున?"

"బుల్లెమ్మత్తోళ్ళు జావ పోసిన్రు."

"అయ్యో తల్లీ, మరి మీ ఇల్లెక్కడ?"

సుక్కి ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. బిస్కెట్ నములుతూ గడ్డంతో కొండవైపు చూపించి, "ఆడంతా" అంది.

పరాంకుశం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. జీపు వైపు తిరిగి, "సుస్థిర నివాస రాహిత్యం," అన్నారు డ్రైవరుతో. ఉంగమ్మ బేరం తెగ్గొట్టుకుని వచ్చేసరికి మూట ఉంది, మనవరాలు లేదు.

తునికిగుంపు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. కొండవాలులో కోయవాళ్ళ ఇళ్ళు ఒక పాతిక దాకా ఉంటాయి. అందరూ ఏదో ఒక వరసన చుట్టాలే. పిల్లలకు ఎక్కడ ఆట ఆగితే అక్కడే తిండి. ఏ ఇంట్లో పొయ్యి ముందు రాజుకుంటే ఆ ఇంటి చుట్టూ చేరతారు. ఆ ఇంటావిడ బయటికొచ్చి "మీ పిల్ల ఈడుంది" అని ఒక్క కేక వేస్తే చాలు, తల్లి తన పని తను చూసుకుంటుంది. అలా చేరిన పిల్లను "ఎందుకొచ్చావు" అన్న మనిషి ఆ గుంపులో ఇంతవరకు పుట్టలేదు. మిరప కోతల కాలంలో సుక్కి అమ్మానాన్నలు దేవమ్మ, ముత్తయ్య మైదానంలో కూలికి వెళ్తారు. పిల్లను ఎవరికీ అప్పజెప్పరు. అప్పజెప్పడం అంటే మిగతావాళ్ళను అవమానించడమే కదా.

సుక్కిని జిల్లా బాలల సదనంలో ఉంచారు. ఈ సంగతంతా మండలి ముందు వివరించే భారం తెల్లం సుభద్ర మీద పడింది. సుభద్ర పక్క గుంపు పిల్ల. ఆ కొండల్లోంచి నల్లకోటు వేసుకున్న మొదటి మనిషి. అడవిలో కట్టెలు కొట్టిన కేసులు, ఇప్పసారా కేసులు వాదించుకుంటూ బతుకుతోంది. చట్టం బాగా తెలుసు, కానీ నోరు ఆగదు. చిరాకు వస్తే వెటకారం చేస్తుంది. "అమ్మాయీ, నీ కేసులు గెలిచేదీ నీ నోరే, ఓడేదీ నీ నోరే" అని ఆమె సీనియర్ మొదట్లోనే హెచ్చరించాడు.

మండలి సమావేశం రోజున గుంపు గుంపంతా లారీ ఎక్కి జిల్లా కేంద్రానికి దిగింది. కోతలు వదిలేసి దేవమ్మ, ముత్తయ్య కూడా పరుగెత్తుకొచ్చారు. బంట్రోతు తలుపు తీసి, "కొర్సా సుక్కి తాలూకు ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాడు. వరండా మొత్తం లేచి నిలబడింది. బంట్రోతు భయపడి తలుపు మూసేశాడు.

అధ్యక్షురాలు విశాలాక్షి గారు కాలేజీలో గృహవిజ్ఞానం చెప్పి రిటైరయ్యారు. చేతులు జోడించడంలోనూ, ఆదేశాలివ్వడంలోనూ ఒకే మర్యాద పాటిస్తారు.

"చూడమ్మా," అన్నారు దేవమ్మతో, "పనికి వెళ్ళేటప్పుడు బిడ్డను ఎవరి సంరక్షణలో వదిలారు?"

"గుంపులమ్మా."

"గుంపులో ఎవరి దగ్గర?"

"గుంపులనే."

"ఒక పేరు చెప్పమ్మా."

దేవమ్మ ఆలోచించి, "తునికిగుంపు" అంది.

విశాలాక్షి గారు నిట్టూర్చారు. సుభద్ర లేచింది. "మేడమ్, ఈ పిల్లకు దిక్కు లేదనడానికి వీల్లేదు. అన్నం పెట్టేవాళ్ళు వరండాలో పట్టనంతమంది ఉన్నారు."

"అదే సమస్య లాయరు గారూ," అన్నారు పరాంకుశం గారు మృదువుగా. "బాధ్యత అనేది ఏకవచనం. ఇంతమంది ఉన్నారంటే, పరిపాలనా దృక్పథంలో, ఎవరూ లేనట్టే లెక్క. బాలిక యొక్క సర్వోత్తమ శ్రేయస్సు దృష్ట్యా ఈ వేసవిలోగా తగిన కుటుంబం నిర్ధారణ కాకపోతే, ఎవరూ లేని బిడ్డగా ప్రకటించి దత్తతకు సిఫారసు చేయవలసి ఉంటుంది. నగరంలో చాలా మంచి దంపతులు నిరీక్షణలో ఉన్నారు. ఇంట్లో పియానో కూడా ఉంది."

ఉంగమ్మకు పియానో ఏమిటో తెలియదు. దత్తత అంటే మాత్రం తెలుసు. మండలి గది మధ్యలో కూలబడిపోయి, "మా పిల్లని మాకియ్యండయ్యా, సింతపండు కూడా మీరే తీసుకోండి" అంది. ఆమె ఏడుపు చూసి విశాలాక్షి గారు నిజంగానే బాధపడ్డారు. మంచినీళ్ళు తెప్పించారు. భావోద్వేగ స్థిరత్వం కొరవడిన నాయనమ్మ అని రాయించారు.

మరో పది రోజులకు పరాంకుశం గారు తునికిగుంపు తనిఖీకి వచ్చారు. బుల్లెమ్మ ఇంట్లో ఆమె పిల్లలతో పాటు మరో నలుగురు ముంతలు పట్టుకుని జావ తాగుతున్నారు. "వీళ్ళంతా నీ పిల్లలేనా?" అంటే ఆమె "ఔనయ్యా" అంది. "కన్నది నువ్వేనా?" అంటే "వాడు కన్నయ్య మనవడు, అది లచ్చిమి కూతురు" అని చెప్పుకుపోయింది. పక్కింట్లోనూ అంతే. ఇల్లిల్లూ తిరిగిన కొద్దీ పరాంకుశం గారి ముఖం పాలిపోయింది. తాము అనుకున్నదాని కంటే నేరం చాలా పెద్దది. ఈ గుంపులో ఒక పిల్ల కాదు, పిల్లలందరూ ఇతరుల ఇళ్ళలో తిని, ఇతరుల ఇళ్ళలో పడుకుంటున్నారు. కన్నవాళ్ళు కానివారు పిల్లలను ఉంచి పోషించే చోటును చట్టం ఏమంటుంది? బాలల సదనం అంటుంది. అనుమతి లేకుండా సదనం నడిపితే ఏమవుతుంది? జైలవుతుంది.

తునికిగుంపు మొత్తానికి నోటీసు వచ్చింది. తాతల కాలం నుంచి అక్రమంగా బాలల సదనం నడుపుతున్నందుకు గుంపు పెద్ద ముర్రం కన్నయ్య సంజాయిషీ చెప్పుకోవాలట. కన్నయ్య దాన్ని తిరగేసి, మరగేసి, "సుబద్రా, మా తాతని కూడా రమ్మంటన్నరా? ఆయన సచ్చిపోయి శానా ఏళ్ళాయె" అన్నాడు.

సుభద్రకు అరికాలి మంట నెత్తికెక్కింది. మండలి ముందుకు వెళ్ళి ఊపిరి కూడా తీసుకోకుండా అరిచేసింది. "సరే సార్! మాది సదనమే. మా పొయ్యి సదనం, మా చేను సదనం, మా కోళ్ళగూడు కూడా సదనమే! అయితే మా గుంపుకు రిజిస్ట్రేషన్ ఇవ్వండి. ఇచ్చి, మీ సదనంలో ఉన్న మా సుక్కిని మా సదనానికి బదిలీ చెయ్యండి!"

సుభద్ర నాలుక కరుచుకుంది. కోర్టు ధిక్కారం లాంటిది మండలికి కూడా ఉంటుందేమోనని ఆలోచనలో పడింది. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఎన్నో సద్గుణాలున్నాయి గానీ, వెటకారం అర్థం కావడం వాటిలో లేదు.

"మేడమ్," అన్నారు ఉత్సాహంగా, "ఇది అత్యంత ఆచరణయోగ్యమైన ప్రతిపాదన. బిడ్డను కుటుంబానికి అప్పగించాలంటే గృహ పరిశీలన, సామాజిక నివేదిక, మానసిక మదింపు, పోలీసు ధ్రువీకరణ కావాలి. ఒక సదనం నుంచి ఇంకో సదనానికైతే ఒక్క సంతకం చాలు."

"ఎంత చక్కగా ఆలోచించారమ్మా!" అన్నారు విశాలాక్షి గారు సుభద్రతో. "ఆదివాసీ సమాజం నుంచే ఇటువంటి సంస్థాగత దృష్టి రావడం ముదావహం."

సుభద్ర నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో తలుపు సందులోంచి ఉంగమ్మ కళ్ళు కనిపించాయి. తెరిచిన నోరు మూసుకుని "థాంక్యూ మేడమ్" అంది. నోరు మూసుకుని ఆమె సాధించిన మొదటి విజయం అదే.

ఆ తర్వాత తునికిగుంపు సదనంగా మారడం మొదలైంది.

ముందు బోర్డు వచ్చింది. తర్వాత సిబ్బంది నియామకం. తల్లులందరినీ "గృహమాతలు"గా నియమించారు. కానీ సొంత బిడ్డను చూసుకుంటే పక్షపాతం వస్తుంది కాబట్టి ఎవరి బిడ్డకు వారు గృహమాత కాకూడదన్నారు. దానికి గుంపులో ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు, ఎలాగూ అంతే కదా. కన్నయ్య వార్డెన్ అయ్యాడు. మంగళవారం గుడ్డు అని భోజన పట్టిక గోడకు కొట్టారు. కోళ్ళకు ఆ పట్టిక తెలియక ఇష్టం వచ్చిన వారాల్లో పెట్టాయి. మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఇంటికొకటి వేలాడదీశారు. మగపిల్లల విభాగం, ఆడపిల్లల విభాగం విడివిడిగా ఉండాలన్న నిబంధన ప్రకారం వాగుకు అటూ ఇటూ గీత గీశారు. లచ్చిమి కవల పిల్లలు అన్నాచెల్లెళ్ళు. రోజూ వాగు దగ్గరికొచ్చి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకునేవారు. దాన్ని "తోబుట్టువుల పర్యవేక్షిత సందర్శనం" అని పరాంకుశం గారు ప్రశంసించారు.

తల్లిదండ్రుల సందర్శన రెండో శనివారం మాత్రమే. మిగతా రోజుల్లో తల్లిదండ్రులుగా ఎవరూ కనబడకూడదు. గృహమాతలుగా, వంటవారిగా, తోటమాలిగా తిరగవచ్చు. ముత్తయ్య తోటమాలి. గుంపులో తోట లేదు. అడవికి నీళ్ళు పెట్టనా అని అడిగాడు. వార్షిక ప్రణాళికలో చేరుద్దామన్నారు.

అసలు చిక్కు ఉంగమ్మ దగ్గర వచ్చింది. సిబ్బందిలో వేద్దామంటే వయోపరిమితి దాటింది. కౌన్సెలర్ అందామంటే మనస్తత్వశాస్త్రంలో పట్టా అడిగారు. సందర్శకురాలు అంటే సాయంత్రం ఐదు దాటాక ఇంట్లో ఉండకూడదు. తన ఇంట్లో తాను ఏమవుతుందో ఎవరికీ తేలలేదు.

"అనధికార వ్యక్తి" అన్నారు పరాంకుశం గారు బాధగా.

"ఆ ఇల్లు కట్టింది ఆమే సార్," అంది సుభద్ర పళ్ళు బిగబట్టి.

"అయితే కాంట్రాక్టరు కింద..."

చివరికి సుభద్రే దారి కనిపెట్టింది. దరఖాస్తులో "స్థానిక వనరులు" అనే గడి ఉంది. చేతిపంపు, చింతచెట్లు, వాగు అని రాశాక, నాలుగో వనరుగా కొర్సా ఉంగమ్మను చేర్చింది. ఉపయోగం అన్నచోట "ఇంటి వాతావరణం" అని రాసింది.

"నన్ను సెట్ల పక్కన రాసినవా?" అంది ఉంగమ్మ.

"రాశానత్తా. కోపమొచ్చిందా?"

"సెట్లని ఆళ్ళు ఏడికీ పంపరు గద?" అంది ముసలావిడ. "రాయి, రాయి."

రిజిస్ట్రేషన్ వచ్చింది. సుక్కి మాత్రం రాలేదు. సదనానికి ప్రహరీ గోడ లేదని బదిలీ ఆపారు. గోడకు నిధులు లేవు, గేటుకు ఉన్నాయి. కొండ దారి మొదట్లో ఇనుప గేటు ఒంటరిగా నిలబడింది. పశువులు దాని పక్కనుంచి వెళ్ళేవి. పరాంకుశం గారు మాత్రం ప్రతిసారీ తాళం తీయించుకుని గేటులోంచే వచ్చేవారు.

జిల్లా సదనంలో సుక్కిని చూద్దామని దేవమ్మ రెండుసార్లు వెళ్ళింది. ఇంకో సదనపు గృహమాతకు ఈ సదనపు బాలికతో సంబంధం ఏమిటని బయటే ఆపేశారు. "తల్లినయ్యా" అంటే, తల్లికి సొంత సదనంలోనే రెండో శనివారం కదా అన్నారు. రెండోసారి కూడా దేవమ్మ గుమ్మం బయటి నుంచే తిరిగొచ్చింది. సుభద్రకు ఆ రోజు తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. ఒక పిల్లను విడిపించడానికి వెళ్ళి ఒక ఊరిని మొత్తం లోపల వేయించింది. అటు ఎండలు ముదురుతున్నాయి. నగరం నుంచి పియానో దంపతులు ఫోన్లు చేస్తున్నారు.

అప్పుడు ఆమెను ఆదుకున్నది మార్చి నెల. ప్రభుత్వ కార్యాలయాల్లో మార్చి నెలకు ఉన్న మహిమ మరే నెలకూ లేదు. ఏడాదంతా కదలని కాగితాలు ఆ నెలలో రెక్కలు కట్టుకుంటాయి. పరాంకుశం గారు తనంతట తానే సుభద్ర ఇంటికి వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లాయరు గారూ, తమతో ఒక సున్నితమైన విషయం. ఈ సంవత్సరం బిడ్డలను కుటుంబాలతో పునరేకీకరణ చేయవలసిన లక్ష్యం ఒకటుంది. మా జిల్లాలో అది, ఏమని చెప్పను, ప్రారంభ దశలో ఉంది."

"అంటే సున్నా."

"నెలాఖరుకు రాష్ట్రస్థాయి సమీక్ష. తమ సదనంలో ఉన్న బిడ్డలకు ఎక్కడైనా, దూరపు చుట్టమైనా సరే, కుటుంబాలు దొరికే అవకాశం..."

సుభద్ర లోపల నవ్వు ఉప్పెనలా వచ్చింది. ఈసారి నోటిని గట్టిగా పట్టుకుంది. గంభీరంగా ముఖం పెట్టి, "కష్టమే సార్. కానీ వెతికితే దొరకొచ్చు," అంది.

"అందరికీనా?"

"అందరికీ. ఒక్క షరతు. మా సదనానికి కేటాయించిన ఒక బాలిక ఇంకా మీ దగ్గరే ఉంది. ఆమె లేకుండా మా లెక్క పూర్తికాదు. అసంపూర్తి లెక్కతో పునరేకీకరణ సభ పెట్టడం మా సంస్థ సంప్రదాయం కాదు."

"కానీ ప్రహరీ గోడ..."

"పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోతే ఇక గోడ దేనికి సార్?"

పరాంకుశం గారు ఆమెను ఆరాధనగా చూశారు. నెలల తరబడి కదలని ఉత్తర్వు మధ్యాహ్నం టీ చల్లారేలోగా తయారైంది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. ఫ్లెక్సీ కట్టారు, షామియానా వేశారు, విశాలాక్షి గారు పట్టుచీర కట్టుకొచ్చారు. పొద్దున్నే జీపులో సుక్కి దిగింది. రెండు జడలు, నీలం గౌను, ఎదపై పిన్నుతో గుచ్చిన అంకె. ఉంగమ్మ పరుగెత్తబోతే కన్నయ్య రెక్క పట్టుకుని ఆపాడు. "ఆగు, ఇంక పునరేకీకరణ గాలే" అన్నాడు. వార్డెన్ కదా, ఆ మాట అతనికి కంఠతా వచ్చేసింది.

మైకులో ఒక్కొక్క పేరు పిలిచారు. బుల్లెమ్మ వేదిక ఎక్కి తన కొడుకును తాను స్వీకరించింది. లచ్చిమి కవలల్ని స్వీకరించింది. వాళ్ళు వాగు దాటి వచ్చేసరికి తడిసి ముద్దయ్యారు. ఒక్కో కుటుంబానికీ ఒక పూలదండ, ఒక స్టీలు గిన్నె, ఒక ఫోటో. ముందువరుసలో కూర్చున్న విలేకరి, "ఇన్నేళ్ళకు బిడ్డను చూసుకున్నారు కదా, ఎలా ఉంది?" అని బుల్లెమ్మను అడిగాడు. "పొద్దున గూడ జూసిన" అంది ఆమె. అది రాసుకోలేదు.

చివర్న కొర్సా సుక్కి పేరు పిలిచారు. దేవమ్మ వేదిక ఎక్కి పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకుని దించలేదు. ఫోటోగ్రాఫరు ఇటు చూడమ్మా, ఇటు చూడమ్మా అని ఎంత బతిమాలినా ఆమె ముఖం పిల్ల మెడలోంచి బయటికి రాలేదు. ముత్తయ్య దండ ఎక్కడ వేయాలో తెలియక తన మెడలోనే వేసుకున్నాడు.

పరాంకుశం గారు మైకు తీసుకున్నారు. "ఒకే రోజున, ఒకే ప్రాంగణంలో, ఇంతమంది బిడ్డలకు స్వంత కుటుంబాలను వెదికి తెచ్చిన ఘనత మన జిల్లాకే దక్కింది. ఆశ్చర్యమేమంటే, ఈ కుటుంబాలన్నీ సదనానికి అతి సమీపంలోనే లభ్యమైనవి!" అన్నారు. ఆయన గొంతులో దగా లేదు. ఆ కళ్ళలో నీళ్ళు కూడా నిజమైనవే. సుభద్ర ఆయన్ను తిట్టుకోవాలనుకుంది గానీ తిట్టు కుదరలేదు.

జీపులు వెళ్ళిపోయాయి. మంటలార్పే సిలిండర్లు వెనక్కి తీసుకుపోయారు. బోర్డు మర్చిపోయారు, దాన్ని కన్నయ్య దూడల పాకకు అడ్డం పెట్టాడు. పిల్లలు బిలబిలమంటూ ఎవరి ఇష్టం వచ్చిన ఇంట్లోకి వాళ్ళు దూరారు. సుభద్ర ఉంగమ్మ ఇంటి గడప మీద కూలబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి వెన్ను నిటారుగా లేకపోయినా పర్లేదనిపించింది.

ఉంగమ్మ సుక్కికి వేడి వేడి అన్నం, చింతచిగురు పప్పు వడ్డించింది. వడ్డించి ఎదురుగా కూర్చుంది. దేవమ్మ పొయ్యి దగ్గర్నుంచి చూస్తోంది. పిల్ల కంచం ముందు కాళ్ళు మడుచుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. అన్నం ముట్టలేదు.

"తినే," అంది ఉంగమ్మ.

సుక్కి తల అడ్డంగా ఊపింది.

"కడుపు నొస్తందా? కారమైందా? నెయ్యెయ్యనా?"

"ఇంకా ఈల ఊదలేదు," అంది సుక్కి సన్నగా. ఆ మాట తీరు కూడా గుంపుది కాదు, జిల్లా సదనంది. "ఈల ఊదకుండా తింటే కంచం తీసేస్తారు."

దేవమ్మ చేతిలోని గరిటె కింద పడింది. సుభద్ర ముఖం బయటికి తిప్పుకుంది. గెలిచిన కేసు అది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఉంగమ్మ మాత్రం ఏడవలేదు. మనవరాలిని కాసేపు చూసింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, జొన్నచేల మీద చిలకల్ని తోలే ఈల ఊదింది. గుంపంతా దద్దరిల్లింది. కుక్కలు లేచాయి, పక్కింటి పిల్లలు తొంగిచూశారు. సుక్కి ఉలిక్కిపడి, చప్పున ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద పెట్టుకుంది. సగం కంచం ఖాళీ అయ్యాక తల పైకెత్తింది.

"రేపు కూడా ఊదుతావా నాయనమ్మా?"

"ఊదుతనే తల్లీ," అంది ఉంగమ్మ. "నువ్వు మరిసిపొయ్యేదాక ఊదుత."

మర్నాడు పొద్దున జావ పోసి, మళ్ళీ ఊదింది.